వీసా అప్పుతో విమానం ఎక్కుతున్న ఉద్దానం

పలాస, టెక్కలి, సోంపేట బస్టాండుల దగ్గర గోడలు చదివితే చాలు, ఈ ప్రాంతం పరిస్థితి తెలిసిపోతుంది. వెల్డర్లు కావలెను, పైపు ఫిట్టర్లు కావలెను, రిగ్గర్లు, స్కాఫోల్డర్లు కావలెను, వీసా సిద్ధం, తిండీ గదీ ఉచితం అని కాగితాలు. కింద ఒక సెల్ నెంబరు. కంపెనీ పేరు వుండదు, లైసెన్సు నెంబరు వుండదు. ఆ నెంబరుకి ఫోను చేసిన కుర్రాడు పాస్‌పోర్టు తీస్తాడు, వెల్డింగు నేర్పే షెడ్డులో చేరతాడు, విశాఖపట్నం వెళ్లి ట్రేడ్ టెస్టు ఇస్తాడు, వైద్యపరీక్ష చేయించుకుంటాడు. ఈలోపల ఇంట్లో మరొక తయారీ సాగుతూ వుంటుంది. తల్లి మెడలో బంగారం కుదువకి పోతుంది. తండ్రి కొబ్బరితోటని చూపించి ప్రోనోటు రాస్తాడు.

ఈ రెండో తయారీ గురించే మనం మాట్లాడుకోవాలి. రైతు కూలీల శీర్షికలో గల్ఫ్ సంగతి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. విమానం ఎక్కేది కుర్రాడే గాని, తాకట్టు పడేది తోట. వాయిదా తప్పితే పోయేదీ తోటే. కాబట్టి ఇది ముమ్మాటికీ రైతుకూలీ సమస్యే.

మా సంఘం వాళ్లని చూడగానే కొందరు కుర్రాళ్లు ముందే అంటారు: “మీరు ఎల్లొద్దంటారు గదా!” మేము అలా అనం. పొట్ట చేతబట్టుకుని పోయేవాణ్ణి పోవద్దనే హక్కు, ఇక్కడ పని చూపించలేనివాడెవడికీ లేదు. వెళ్లినవాళ్లు కొందరు బాగుపడ్డారు, కవిటిలో, సోంపేటలో పూరిళ్లు డాబాలయ్యాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాయి. ఆ మాట కాదనడం అన్యాయం. మేము అడిగేది ఒక్కటే: ఎవరి సొమ్ముతో, ఏ షరతుల మీద వెళుతున్నావు? అప్పుతో వెళ్లేవాడికి అక్కడ బేరమాడే బలం వుండదు. జీతం తగ్గించినా, పని మార్చినా, పాస్‌పోర్టు లాక్కున్నా నోరెత్తలేడు. అతన్ని కట్టిపడేసేది అరబ్బు యజమాని ఒక్కడే కాదు, పలాసలో రాసిన ప్రోనోటు కూడా.

ఎందుకు పోతున్నారు?

ఉద్దానం అంటే ఉద్యానవనం అని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలే బతుకు. ఎకరం అరెకరం తోట వున్నవాడు కూడా ఏడాదిలో సగం రోజులు పక్కవాడి దగ్గర కూలికి పోయేవాడే. ఇక్కడ చిన్నరైతుకీ కూలీకీ మధ్య గీత చాలా సన్నం.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఒక్క రాత్రిలో తోటలకి తోటలు నేలమట్టమయ్యాయి. వరి పోతే మరుసటేడు మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావటానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ కుటుంబం ఏం తినాలన్న ప్రశ్నకి ప్రభుత్వమిచ్చిన నష్టపరిహారం జవాబు కాలేకపోయింది. తిత్లీ నాడు బడిలో వున్న పిల్లలే నేడు పాస్‌పోర్టు చేతబట్టుకుని తిరుగుతున్నారు.

జీడి సంగతి చూడండి. 80 కిలోల బస్తా పిక్కలకి 16 వేల రూపాయలు ఇవ్వాలని ఉద్దానం రైతులు రోడ్డెక్కారు. ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు దిగుమతి చేసుకుని ఇక్కడి ధర పడగొడుతున్నారన్నది రైతుల ఫిర్యాదు. పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలలో పిక్కలు కొట్టి పప్పు తీసే ఆడకూలీల చేతులు జీడిరసానికి కాలుతూనే వున్నాయి. ఆఫ్రికా పిక్క పలాసకి వస్తోంది, పలాస కుర్రాడు గల్ఫ్‌కి పోతున్నాడు. సరుకు మీదా లాభమే, మనిషి మీదా లాభమే. ఆ లాభం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

నీళ్ల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. మహేంద్రతనయ ఆఫ్‌షోర్ ప్రాజెక్టుకి 2008లో శంకుస్థాపన చేశారు. పదిహేనేళ్లు గడిచినా పూర్తికాలేదు. మరోపక్క ధర్మల్ కేంద్రాలు పెడతాం, ఉద్యోగాలిస్తామని బీల భూముల మీదకి వచ్చారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి మనవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. నీరూ, గడ్డీ, చేపా ఇచ్చే బీల కోసం జనం నిలబడ్డారు. కాని ఆ బీల మీద బతికేవాళ్లకి సాగునీరు, గిట్టుబాటు ధర చూపించే పనిని ఏ పాలకుడూ నెత్తిన వేసుకోలేదు. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. పోర్టు పేరు చెప్పి వూరించడం కాదు, భూములిచ్చిన వూళ్లలో ఎంతమందికి, ఏ జీతం మీద, ఏ రకం కొలువు ఇస్తారో కాగితం మీద రాసివ్వాలి.

ఇక పొరుగు రాష్ట్రాల వలస మనకి కొత్తది కాదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోతే, వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు చాలామంది. గుజరాత్ పడవల మీద చేపల వేటకి కుదిరిన మన మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో మగ్గారు. అంటే స్వదేశంలో పని కూడా మనకి క్షేమమైనది కాదు. “ఇక్కడైతే ఏటున్నాది బాబూ, ఎక్కడైనా కష్టమే గదా, ఆడ నాలుగు రాళ్లెక్కువొస్తాయి” అని తల్లులు అంటున్నారంటే, ఆ మాటలో ఆశ కన్నా లెక్క ఎక్కువ వుంది.

రంగం మేస్త్రీ, గల్ఫ్ ఏజెంటు

విదేశానికి పోవడం ఈ తీరానికి మొన్న మొన్న వచ్చిన సంగతి కాదు. మన తాతల కాలంలో రంగం పోవడం అనేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల్లో పొగఓడ ఎక్కి వేలాదిమంది తెలుగు కూలీలు రంగూన్ వెళ్లేవారు. రేవులో బరువులు మోశారు, బియ్యపు మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. అక్కడివాళ్లు మనల్ని కోరంగీలనేవారు.

వాళ్లని తీసుకెళ్లినవాడు మేస్త్రీ. వూళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, ఓడ టిక్కెట్టు కొనేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలి డబ్బు మేస్త్రీ చేతుల మీదుగానే రావాలి. కూలీ ఎక్కడ పనిచెయ్యాలో, ఎంతకి పనిచెయ్యాలో మేస్త్రీ చెప్పేవాడు. బాకీ తీరనంతకాలం కూలీ అతని మనిషి. 1930 మే నెలలో రంగూన్ రేవులో పని కోసం తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య పెద్ద ఘర్షణలు జరిగాయి. తక్కువ కూలికి ఒకణ్ణి, వాడి మీదకి ఇంకొకణ్ణి ఎగదోసి లాభం తీసుకున్న తెల్లకంపెనీలకి మాత్రం దెబ్బ తగల్లేదు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు మనవాళ్లు అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్లెందరో.

నేటి ఏజెంటుకీ నాటి మేస్త్రీకీ ఒక తేడా వుంది. మేస్త్రీ తన డబ్బు పెట్టుబడి పెట్టి, తర్వాత కూలీ దగ్గర పిండుకునేవాడు. నేటి ఏజెంటు తన పైసా కూడా పెట్టడు. ఆ పెట్టుబడి కూడా కూలీయే వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పెడతాడు. నష్టం వస్తే మేస్త్రీకీ కొంత వాటా వుండేది. ఇప్పుడు నష్టమంతా ఉద్దానం కుటుంబానిది, లాభమంతా పైవాళ్లది.

పైవాళ్లని ఎందుకంటున్నామంటే, ఈ వ్యాపారంలో మెట్లున్నాయి. వూళ్లో మనకి కనబడేవాడు చాలాసార్లు వరసకి బావో, మేనమామో అయివుంటాడు. తనూ నాలుగేళ్లు గల్ఫ్‌లో చెమటోడ్చి వచ్చినవాడే. మనిషికి ఇంత అని కమీషన్ తీసుకుని విశాఖలోని ఆఫీసుకి అప్పగిస్తాడు. వాళ్లు చెన్నైకో ముంబైకో అప్పగిస్తారు. కడాకరికి అక్కడి కంపెనీ, తాను భరించవలసిన ఖర్చుని మన కూలీ నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంటుంది. వూళ్లోని బావ మీద కోపం తెచ్చుకుంటే ఈ మెట్లన్నీ మన కళ్లకి మరుగవుతాయి.

అప్పు లెక్క

మాటలు వద్దు, లెక్క వేసి చూద్దాం. ఏజెంటుకి లక్షన్నర ఇచ్చాడనుకుందాం. వడ్డీ నూటికి మూడు రూపాయలు. అంటే నెలకి 4,500 వడ్డీ. వెళ్లి, అకామా కార్డు వచ్చి, మొదటి జీతం చేతికంది, ఇంటికి పంపేసరికి మూడు నెలలు పట్టిందనుకుందాం. అప్పటికి బాకీ 1,63,500 అయింది. కుర్రాడు కడుపు కట్టుకుని నెలకి 18 వేలు ఇంటికి పంపాడు. ఎనిమిది వేలు ఇంటిఖర్చుకి, పదివేలు అప్పుకి. మొదటి నెల ఆ పదివేలలో 4,905 రూపాయలు వడ్డీకే పోయాయి. ఇలా కట్టుకుంటూ పోతే బాకీ తీరటానికి సుమారు 23 నెలలు. ముందు మూడు నెలలు కలిపితే 26 నెలలు. అగ్రిమెంటు ఎన్నాళ్లు? మామూలుగా 24 నెలలు. అంటే అగ్రిమెంటు అయిపోతుంది గాని అప్పు అయిపోదు! మధ్యలో జ్వరమొచ్చి పదిరోజులు పని పోయినా, ఒక నెల జీతం ఆపినా, లెక్క ఇంకా ముందుకి జరుగుతుంది.

ఇప్పుడు చట్టప్రకారం జరిగితే ఎట్లా వుంటుందో చూద్దాం. లైసెన్సు వున్న ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోదగ్గ రుసుము 30 వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతకి మించి ఒక్క రూపాయి తీసుకున్నా నేరం. పాస్‌పోర్టు, వైద్యపరీక్ష, విశాఖకి రానుపోను ఖర్చులు కలిపి 50 వేలు అనుకుందాం. అదే మూడు రూపాయల వడ్డీ, అదే మూడు నెలల ఆలస్యం. బాకీ 54,500. నెలకి అదే పదివేలు కడితే ఆరు నెలల్లో తీరిపోతుంది. తొమ్మిదో నెలకి కుర్రాడు రుణవిముక్తుడు. మిగిలిన 15 నెలలూ నెలకి పదివేల చొప్పున లక్షన్నర ఇంటికి మిగులుతుంది.

రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే కుర్రాడు, ఒకే పని, ఒకే జీతం, ఒకే వడ్డీ. ఒకదానిలో రెండేళ్లకి లక్షన్నర చేతిలో వుంది, రెండోదానిలో ఇంకా బాకీ వుంది. తేడా అంతా ఏజెంటూ వడ్డీవ్యాపారీ పంచుకున్నారు. దీనికి గల్ఫ్ సంపాదన అని పేరు.

బాకీలో వున్నవాడికి విమానం దిగిన దగ్గర్నించి అసలు పరీక్ష మొదలవుతుంది. వెల్డరన్నారు, హెల్పరు పనిచెయ్యమంటారు. ఇక్కడ చూపిన అగ్రిమెంటు వేరు, అక్కడ సంతకం పెట్టమనే కాగితం వేరు. అప్పులేనివాడైతే “నా పాస్‌పోర్టు నాకియ్యి, తిరిగి పోతాను” అనగలడు. అప్పున్నవాడు సంతకం పెడతాడు. భరించలేక కంపెనీ వదిలి బయటపడితే కల్లివెల్లి అయిపోతాడు, అంటే కాగితాల్లేని పారిపోయిన మనిషి. అప్పుడు జీతం అడిగే హక్కూ లేదు, ఆస్పత్రికి పోయే ధైర్యమూ లేదు. ఔట్‌పాస్ దొరికి ఇంటికొస్తే గుమ్మంలో వడ్డీవ్యాపారి కూర్చుని వుంటాడు.

చట్టం ఎవరిని కాస్తోంది?

1983 వలస చట్టం ప్రకారం, గల్ఫ్ దేశాలు, ఇరాక్, మలేషియా వంటి 18 దేశాలకి పనికి వెళ్లేవాళ్లలో పదో తరగతి పాస్ కానివాళ్లు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఇచ్చేముందు అగ్రిమెంటు, జీతం, యజమాని వివరాలు చూడాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల ప్రమాద బీమా తప్పనిసరి. రెండేళ్లకి ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకి 375.

ఇక్కడే ఒక మెలిక వుంది. పదో తరగతి పాసైనవాడికి ఈ అనుమతి అక్కర్లేదు. అదేదో గౌరవమని మన కుర్రాళ్లు అనుకుంటున్నారు. అసలు సంగతి ఏమంటే, అనుమతి అక్కర్లేదంటే అతని అగ్రిమెంటుని ఎవరూ చూడరు, బీమా ఎవరూ కట్టించరు, ఎక్కడికి పోయాడన్న లెక్క కూడా సరిగా వుండదు. మన ఉద్దానంలో నేడు వెళుతున్న కుర్రాళ్లు ఎక్కువమంది పదో తరగతి, ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్లే. కూలి చేసి చదివించిన తల్లిదండ్రులకి దక్కిన ఫలితం, కొడుకు చట్టం గొడుగు కింద నించి బయటికి పోవడం! చదువుకున్నావు గనుక నిన్ను నువ్వే కాచుకో అని ప్రభుత్వం అన్నట్టయింది.

ఆ గొడుగు కింద వున్నవాళ్లని కూడా పాలకులు ఎంత బాగా కాచారో 2020లో చూశాం. కోవిడ్ వల్ల లక్షలమంది పనులు పోయి తిరిగివస్తున్న ఆ సెప్టెంబరులోనే, గల్ఫ్ దేశాలు మన కార్మికులకి ఇవ్వవలసిన కనీస వేతనాన్ని మన కేంద్ర ప్రభుత్వమే తగ్గించింది. బహ్రెయిన్, ఒమన్, కతర్, ఎమిరేట్స్‌కి 200 డాలర్లు, కువైట్‌కి 245, సౌదీకి 324 డాలర్లు చాలునన్నది. వలస కార్మికుల సంఘాలు ఆందోళన చేసి, తెలంగాణ హైకోర్టుదాకా వెళ్లాక 2021 జులైలో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో ప్రవాసులు మన దేశానికి పంపిన సొమ్ము 12,900 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము మీద వున్న ప్రేమ, పంపే మనిషి మీద లేదు.

అప్పులో పడి, ఏ దేశమైనా సరే అన్న కుర్రాడు ఎక్కడికైనా పోతాడు. లిబియాకి భారతీయులు వెళ్లరాదని 2016లోనే నిషేధం పెట్టారు. అయినా 2020 సెప్టెంబరులో అక్కడ సాయుధముఠా ఏడుగురు భారతీయ కార్మికుల్ని ఎత్తుకుపోయి నెలరోజులు బంధిస్తే, వాళ్లలో మన శ్రీకాకుళం జిల్లావాళ్లూ వున్నారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారంలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి పంపిన ఉత్తరాంధ్ర యువకులచేత ఫోను మోసాలు చేయించారు. 2024 జూన్ 12న కువైట్ మంగఫ్‌లో కార్మికుల వసతిగృహం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో మన సోంపేట మండలం బిడ్డ ఒకడు. ఇరుకు గదుల్లో మనుషుల్ని కుక్కడం వల్ల వచ్చిన చావులివి. దీన్ని దైవఘటన అనడానికి వీల్లేదు.

కిడ్నీల మాట

ఉద్దానం కుర్రాడి ప్రయాణానికి మిగతా జిల్లాలవాళ్లకి లేని ఇబ్బంది ఒకటుంది. మన వూళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కూల్చిందో మనకి తెలుసు. దీనికి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. ఈ జబ్బు మొదట్లో నొప్పి వుండదు, వాపు వుండదు. రక్తంలో క్రియాటినిన్ చూస్తేనే తెలుస్తుంది.

ఏజెంటుకి సొమ్మంతా కట్టి, చివర్లో గల్ఫ్ వైద్యపరీక్షలో అన్‌ఫిట్ అని తేలిన కుర్రాళ్లకి ఆ సొమ్ము తిరిగి రాబట్టుకోవడం గగనమైపోతోంది. అంతకన్నా ప్రమాదం, కిడ్నీలు కొంచెం దెబ్బతిని కూడా ఫిట్ అయి వెళ్లడం. ఎండలో పన్నెండు గంటల పని, చాలినన్ని నీళ్లు తాగే వ్యవధి లేకపోవడం, నొప్పులకి మాత్రలు మింగుతూ పనిచేయడం కిడ్నీకి శత్రువులు. నేపాల్ నుంచి గల్ఫ్‌కి వెళ్లి వచ్చిన పడుచు కార్మికుల్లో కిడ్నీలు పాడైనవాళ్లు కనబడుతున్నారని అక్కడి వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఉద్దానం నుంచి వెళ్లేవాడికి ఇది రెట్టింపు హెచ్చరిక. గల్ఫ్ దేశాల్లో వేసవిలో మధ్యాహ్నం పని నిషేధం వుంది. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 గంటల నుంచి 4 వరకు, సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12 నుంచి 3 వరకు ఎండలో పనిచేయించరాదు. ఈ సంగతి తెలిసి వెళ్లాలి. అయితే అప్పున్నవాడు “నీడలోకి పోతాను” అనగలడా? చూడండి, ఈ దారి కూడా మళ్లీ ప్రోనోటు దగ్గరికే వచ్చింది.

2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఎన్నో ఏళ్ల ప్రజా ఆందోళన వల్ల వచ్చిన ఆస్పత్రి అది. ఏజెంటుకి రూపాయి కట్టకముందే కుర్రాడు అక్కడో, మండల ఆస్పత్రిలోనో క్రియాటినిన్ చూపించుకోవాలి. ట్రేడ్ టెస్టు కన్నా ముందు చేయవలసిన పరీక్ష ఇది.

బయల్దేరేముందు

తయారీ అంటే వెల్డింగు నేర్చుకోవడం, బ్యాగు కొనుక్కోవడం మాత్రమే కాదు. ఈ కింది పనులు చేసినవాడే తయారైనవాడు.

మొదటిది, ఏజెంటు లైసెన్సు నెంబరు అడగాలి. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సు వున్న ఏజెంట్ల పేర్లుంటాయి. అందులో లేనివాడు ఎంత దగ్గరి చుట్టమైనా డబ్బు ఇవ్వవద్దు. రెండవది, డబ్బు బ్యాంకు ద్వారానే కట్టి రశీదు తీసుకోవాలి. “రశీదెందుకురా, నామీద నమ్మకం లేదా?” అన్నవాడి దగ్గర్నించి వెంటనే లేచి రావాలి.

మూడవది, వీసా ఏ రకమో చూడాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే నమ్మవద్దు. ఆజాద్ వీసా అని అమ్మేది అసలు వీసాయే కాదు. ఎవడో కఫీల్ పేరు మీద తెచ్చి మనల్ని వీధిలో వదిలే ఏర్పాటు అది. నాలుగవది, అగ్రిమెంటుని వూళ్లో చదువుకున్నవాళ్లచేత తెలుగులో చెప్పించుకోవాలి. మూలజీతం ఎంత, ఓవర్‌టైం ఎంత, రోజుకి ఎన్ని గంటలు, గది, తిండి ఎవరివి, తిరుగు టిక్కెట్టు ఎవరిది? ఈ అయిదు ప్రశ్నలకీ జవాబు కాగితం మీద లేకపోతే నోటిమాట చెల్లదు.

అయిదవది, పదో తరగతి పాసైనవాళ్లు కూడా బీమా చేయించుకునే ఏర్పాటు అడిగి తెలుసుకోవాలి. ఆరవది, పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు నకళ్లు ఇంట్లో ఒక సెట్టు, సంఘం దగ్గర ఒక సెట్టు వుండాలి. కొడుకు ఏ కంపెనీలో వున్నాడో తెలియక, కేవలం “దుబాయి” అని మాత్రం చెప్పగలిగే తల్లులు మన వూళ్లలో వున్నారు. ఆపద వస్తే ఎంబసీకి ఏమని రాయాలి? ఫిర్యాదుల కోసం 2015లో మదద్ అనే వెబ్‌సైటు పెట్టారు. 2009 నుంచి ఎంబసీల దగ్గర ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి వుంది. చిక్కుకున్నవాళ్లని తిప్పి పంపడానికి, చనిపోయినవారి భౌతికకాయం తీసుకురావడానికి ఆ నిధి వాడవచ్చు. కాగితాలుంటేనే వీటిల్లో ఏదైనా కదులుతుంది.

మన కోర్కెలు, మన పని

ఒక్కొక్క కుర్రాడి జాగ్రత్తతో తీరే వ్యవహారం కాదిది. వెళ్లేవాడి దగ్గర రుసుము వసూలు చేయకూడదని, ఆ ఖర్చు యజమానే భరించాలని ప్రపంచ కార్మికోద్యమం ఎప్పటినించో అడుగుతోంది. ప్రైవేటు ఏజెన్సీలు కార్మికుడి దగ్గర రుసుము తీసుకోరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక చెబుతోంది. భారతదేశం దాని మీద సంతకం పెట్టలేదు. 1983 చట్టం స్థానంలో కొత్తది తెస్తామని 2021లో ఒక ముసాయిదా, 2025లో మరొక ముసాయిదా ప్రకటించారు. కూలీ నెత్తిన రుసుము వేసే పద్ధతి ఎత్తెయ్యకుండా ఎన్ని ముసాయిదాలు వస్తే మనకేం లాభం?

కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి అయిదు లక్షల సాయం ఇస్తామని 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. అవి కూడా పోరాడితే వచ్చినవే. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ వుంది. విదేశీ ఉద్యోగాలకి కార్మికుల్ని పంపడమే దాని పని. అది వుందని గోడమీద కాగితం చూసి ఫోను చేసే కుర్రాడికి తెలియకపోతే, వున్నా లేనట్టే.

కాబట్టి మనం ఈ కోర్కెలు పెడుతున్నాం. ఓంక్యాప్ పలాస, టెక్కలి, సోంపేటల్లో ప్రతినెలా శిబిరం పెట్టి అగ్రిమెంట్లు చూడాలి. లైసెన్సు వున్న మార్గంలో వెళ్లేవాళ్లకి 50 వేల దాకా ప్రయాణ రుణాన్ని సహకార బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇవ్వాలి. పదో తరగతి పాసైనవాళ్లకి కూడా అగ్రిమెంటు తనిఖీ, బీమా తప్పనిసరి చేయాలి. వెళ్లే ప్రతి ఉద్దానం కార్మికుడికీ, తిరిగివచ్చిన ప్రతివాడికీ ఉచితంగా కిడ్నీ పరీక్ష చేయాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకి తెలంగాణలో మాదిరి సాయం అందించాలి. జీడికి మద్దతు ధర, తోటలకి నీరు అన్న పాత కోర్కెలు వీటి వెనకాల కాదు, వీటి ముందు వున్నాయి. ఇక్కడ కూలి గిట్టుబాటయితే అక్కడ బేరమాడే బలం దానంతటదే వస్తుంది. పోక తప్పనివాడికీ, పోవాలనుకున్నవాడికీ తేడా అదే.

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ మన పలాసలో జరిగింది. అది ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు తూటాలకి గున్నమ్మ ప్రాణమిచ్చింది. అడవి కట్టె మీద హక్కు కోసం ఆనాడు జనం గుమికూడగలిగారు. కొడుకుల అగ్రిమెంటు మీద హక్కు కోసం ఈనాడు గుమికూడలేమా?

పని చిన్నదానితోనే మొదలుపెడదాం. ప్రతి వూళ్లో సంఘం ఒక పుస్తకం పెట్టాలి. ఎవరు వెళుతున్నారు, ఏ దేశం, ఏ కంపెనీ, ఏ ఏజెంటు, ఎంత అడిగాడు, ఎంత ఇచ్చారు, వడ్డీ ఎంత అని రాయాలి. గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన అన్నదమ్ముల్ని కూర్చోబెట్టి వెళ్లేవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పించాలి. ప్రోనోటు రాసేముందు తల్లులతో మాట్లాడాలి, ఎందుకంటే కొడుకు వెళ్లాక వడ్డీవ్యాపారి ఎదుట నిలబడేది వాళ్లే. ఒక ఏజెంటు పది వూళ్లలో ఎంతెంత దండుకున్నాడో పది పుస్తకాలూ పక్కపక్కన పెడితే బయటపడుతుంది. అప్పుడు కలెక్టరు ఎదుటికి ఒక తండ్రి కన్నీళ్లతో పోనక్కర్లేదు, పది వూళ్లూ లెక్కతో పోవచ్చు. జీడి పిక్కలు రాలే వేసవిలో వూళ్లో అందరూ తోటల్లోనే వుంటారు. ఆ తోటల్లోనే ఈ సమావేశాలు జరపాలని కార్యకర్తలని కోరుతున్నాం.